కప్పగంతు వెనుక కాలినడక

నైరోబీలో నేను అద్దెకున్న వీధి మలుపులో ఆకుపచ్చ రంగు పూసిన రేకుల కొట్టు ఒకటి ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు చాలని ఆ కొట్టులో ఒక స్త్రీ, ఒక పాత నోకియా ఫోను, తాళం వేసిన డబ్బు సొరుగు, గళ్లు గీసిన ఒక పెద్ద లెక్కల పుస్తకం, ఇంతే సామగ్రి. డబ్బు కట్టడానికి వచ్చినవారైనా, తీసుకోవడానికి వచ్చినవారైనా గుర్తింపు కార్డు చూపించాలి. తేదీ, కార్డు సంఖ్య, ఫోను సంఖ్య, మొత్తం ఆ పుస్తకంలో రాసి చివరి గడిలో సంతకం చేయాలి. ఎం-పెసా అనే ఫోను సేవతో, కాగితంతో పని లేని డబ్బుకు కెన్యా దారి చూపిందని పత్రికలన్నీ రాస్తున్న రోజులవి. మందులు దిగుమతి చేసుకునే ఒక సంస్థలో లెక్కలు చూడటానికి నేను 2012లో అక్కడికి వెళ్లి నాలుగేళ్లు ఉన్నాను. లెక్కలవాణ్ణి కనుక నా చూపు ఫోను కంటే ముందు పుస్తకం మీద పడింది. ఇన్నేళ్ల తర్వాత ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ పుస్తకమే.

ఆఫ్రికా ఖండంలోని దేశాల గురించి, అక్కడి వ్యాపార దక్షత గురించి, అభివృద్ధి గురించి రాసేవారు ఎక్కడో ఒకచోట తప్పక వాడే మాట ‘లీప్‌ఫ్రాగ్’. మన పిల్లల ఆటల్లోని కప్పగంతు. తీగల టెలిఫోన్లు రాకుండానే సెల్‌ఫోన్లు వచ్చాయి, బ్యాంకులు ఊళ్లోకి రాకుండానే బ్యాంకింగు వచ్చింది, కరెంటు స్తంభాలు నాటకుండానే సోలారు దీపాలు వెలిగాయి, కనుక సంపన్న దేశాలు మెట్టుమెట్టుగా ఎక్కిన ఎత్తును వీళ్లు ఒక్క గంతులో అందుకున్నారని ఆ మాటకు అర్థం. వినడానికి ఉత్సాహంగా ఉంటుంది, కొంత నిజం కూడా ఉంది. కానీ నేను దగ్గరగా చూసిన మేరకు, తర్వాత చదివి తెలుసుకున్న మేరకు, అక్కడ నిలదొక్కుకున్న ఆవిష్కరణలు మెట్లెక్కే వచ్చాయి. ఆ మెట్లు దూరం నుంచి చూసేవారి కంటికి ఆనలేదు, అంతే. దానివల్ల రెండు నష్టాలు జరిగాయని నా అభిప్రాయం. ఆ ఆవిష్కరణలను ఎత్తుకెళ్లి మరోచోట నాటబోయినవారు చతికిలపడ్డారు; మెట్లు కట్టిన మనుషుల వాటా ఎంత అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

2007 మార్చిలో సఫారీకామ్ అనే టెలిఫోను సంస్థ ఎం-పెసాను ప్రారంభించేనాటికి కెన్యా పెద్దవారిలో ఐదుగురికి నలుగురికి బ్యాంకు ఖాతా లేదు. నగరానికి కాపలా పనికో, కూలికో వచ్చినవాడు ఊళ్లో ఉన్న కుటుంబానికి డబ్బు పంపాలంటే బస్సు డ్రైవరు చేతికి కవరు ఇవ్వాలి, లేదా తెలిసినవారెవరైనా ఊరికి బయలుదేరేదాకా ఆగాలి. కొందరు రీచార్జి కార్డు కొని, దాని మీది అంకెలను ఊరికి చెప్పేవారు. అక్కడి దుకాణదారు ఆ టాక్‌టైమ్ తాను తీసుకుని, కొంత తరుగు పట్టుకుని, మిగిలింది నగదుగా ఇచ్చేవాడు. ఫోను ద్వారా డబ్బు పంపవచ్చన్న ఆలోచన, ఏ సంస్థా చెప్పకముందే, జనం ఆచరణలో ఉందన్నమాట.

సంస్థకు తట్టిన ఆలోచన వేరు. సఫారీకామ్‌లో వాటా ఉన్న బ్రిటన్ సంస్థ వొడాఫోన్ ఉద్యోగులైన నిక్ హ్యూస్, సూజీ లోనీ, బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి నిధి నుంచి సుమారు 10 లక్షల పౌండ్ల సాయం పొంది, సూక్ష్మరుణాల వాయిదాలను ఫోనులో కట్టించుకునే పద్ధతిని తయారు చేశారు. 2005లో నైరోబీలోనూ దానికి దగ్గరలోని థికా పట్టణంలోనూ కొన్ని వందల మందితో పరీక్షించి చూస్తే, జనం వాయిదాలు కట్టడంతో ఆగలేదు. ఒకరి వాయిదా మరొకరు కట్టారు, ప్రయాణానికి ముందు డబ్బు ఫోనులో వేసుకుని దిగినచోట తీసుకున్నారు, ఊళ్లలోని తల్లులకు పంపారు. రుణసంస్థ లెక్కలు చిక్కుపడ్డాయి. సంస్థ గొప్పతనం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది: పంతానికి పోకుండా, జనం చేస్తున్న పనినే సరుకుగా మలిచి, ‘ఇంటికి డబ్బు పంపండి’ అన్న ఒక్క పిలుపుతో బజారులో పెట్టింది.

(మన పాఠకులకు ఒక పిట్టకథ. స్వాహిలీలో పెసా అంటే డబ్బు. అది మన పైసాయే. దుకా అంటే దుకాణం. చాయ్ అంటే తేనీరు, ఆఫీసుల్లో ఆ మాటకు లంచం అని కూడా అర్థం, అదీ మనకు కొత్త కాదు. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాల పాటు నడిచిన వర్తకం వల్ల, 1920 ప్రాంతం దాకా అక్కడ చెల్లుబాటైన ఇండియా రూపాయి వల్ల ఈ మాటలు మిగిలాయి. మొదటి వారంలో నాకు ఊరట కలిగించినవి ఈ మూడు మాటలే.)

ఒక ఫోను నుంచి మరో ఫోనుకు అంకెలు పంపడం పెద్ద విద్య కాదు. కష్టమంతా రెండు చివర్లలో ఉంది: ఇక్కడ నోట్లు తీసుకుని అంకెలుగా మార్చేవారు, అక్కడ అంకెలు తీసుకుని నోట్లుగా మార్చేవారు ఉండాలి. ఆ పని చేసే ఏజెంటు సొంత పెట్టుబడి పెట్టి, కొంత నగదు సొరుగులోనూ, కొంత ‘ఫ్లోట్’ అనే పేరుతో ఫోనులోనూ ఉంచుకోవాలి. ఎవరైనా డబ్బు వేస్తే సొరుగు నిండుతుంది, ఫ్లోట్ తరుగుతుంది. తీసుకుంటే దానికి ఎదురు. జీతాల రోజుల్లో నగరంలోని కొట్లలో నోట్లు పేరుకుపోయి ఫ్లోట్ అయిపోతుంది, అదే సమయంలో పల్లె కొట్లలో ఫ్లోట్ ఉండి నోట్లు ఉండవు. ఈ తేడాను సరిచేయాలంటే ఎవరో ఒకరు నోట్ల కట్టలు బ్యాంకుకు మోసుకెళ్లాలి, బ్యాంకు నుంచి పల్లెకు మోసుకురావాలి. మా వీధిలోని ఏజెంటు నెల మొదటి వారంలో మధ్యాహ్నం ఒక గంట కొట్టు మూసి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మటాటూ అనే అక్కడి చిన్న బస్సులో బ్యాంకుకు వెళ్లివచ్చేది. ఏజెంట్లకు నగదు అందించడమే పనిగా పెట్టుకున్న పెద్ద ఏజెంట్లు, వారికింద చిన్న ఏజెంట్లు, ఎవరి కమిషను వారికి పంచే ఒప్పందాలు, ప్రతి కొట్టునూ వచ్చి చూసి రంగు సరిగ్గా ఉందో పుస్తకం సరిగ్గా రాస్తున్నారో తనిఖీ చేసే మనుషులు, వీళ్లందరూ కలిస్తేనే అది ఎం-పెసా. ఇప్పుడు అలాంటి కొట్లు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఇది గంతు కాదు, ఒక దేశమంతా వేసిన దారి.

రెండో మెట్టు ప్రభుత్వం కట్టింది. టెలిఫోను సంస్థ ప్రజల డబ్బు పట్టుకోవడాన్ని అనుమతించే చట్టం అప్పట్లో కెన్యాలో లేదు, నిషేధించే చట్టమూ లేదు. కేంద్ర బ్యాంకు షరతులు పెట్టి, అభ్యంతరం లేదని ఒక ఉత్తరం ఇచ్చింది. ఖాతాదారుల డబ్బంతా వాణిజ్య బ్యాంకులో ఒక ట్రస్టు ఖాతాలో ఉండాలి, ఫోనులో కనిపించే ప్రతి షిల్లింగుకూ అక్కడ ఒక షిల్లింగు ఉండాలి, సంస్థ దాన్ని సొంతానికి వాడుకోకూడదు అన్నవి ఆ షరతుల సారం. 2008 చివర బ్యాంకులు గగ్గోలు పెట్టగా ఆర్థిక మంత్రి తనిఖీకి ఆదేశించారు. వ్యవస్థ భద్రంగానే ఉందని తేలింది. చెల్లింపుల చట్టం 2011లో గాని రాలేదు. చట్టం వచ్చేదాకా ఆగి ఉంటే సేవ పుట్టేది కాదు, ఉత్తరం వెనుక షరతులు లేకపోతే సేవ మీద నమ్మకం పుట్టేది కాదు. ఈ మధ్యేమార్గాన్ని నడిపించిన అధికారుల పేర్లు ఆవిష్కర్తల జాబితాల్లో కనిపించవు, కాని నా లెక్కలో వాళ్లూ ఆవిష్కర్తలే. 2008 ఆరంభంలో ఎన్నికల అల్లర్లు చెలరేగి, నైరోబీ పేటల్లో మనుషులు గడప దాటలేకపోయినప్పుడు బంధువులు వారికి ఫోనులోనే డబ్బూ టాక్‌టైమూ పంపారు. ఆ నెలల్లో పెరిగిన నమ్మకం ఏ ప్రకటనకూ దక్కేది కాదు.

ఇదంతా ఫోను మహిమే అయితే ఎక్కడికి తీసుకెళ్లినా పనిచేయాలి. వొడాఫోన్ అదే పేరుతో దక్షిణాఫ్రికాలో 2010లో ప్రారంభించింది, 2016లో మూసేసింది. బ్యాంకు కార్డులు అప్పటికే వాడుకలో ఉన్న ఆ దేశంలో ఆ సేవ తీర్చవలసిన కొరత పెద్దగా లేదు. మన దేశంలో 2013లో వచ్చింది, 2019లో పోయింది. బ్యాంకు తోడు లేనిదే నగదు చేతికి ఇవ్వడానికి అప్పటి రిజర్వు బ్యాంకు నియమాలు ఒప్పుకోలేదు. హైదరాబాదులో సెలవులకు వచ్చినప్పుడు ఆ పేరున్న బోర్డు చూసి ఎంతో ముచ్చటపడి లోపలికి వెళితే, ఆ దుకాణదారుకు దాన్ని ఎలా వాడాలో నేనే చెప్పవలసి వచ్చింది. తర్వాత 2016లో వచ్చిన మన యూపీఐ వేరే మెట్ల మీద, జన్‌ధన్ ఖాతాల మీద, ఆధార్ మీద, బ్యాంకుల మధ్య అప్పటికే ఉన్న ఏర్పాట్ల మీద నిలబడింది. నైజీరియాలో కేంద్ర బ్యాంకు చాలాకాలం టెలిఫోను సంస్థలను ఈ రంగంలో నాయకత్వ స్థానంలోకి రానివ్వలేదు, కనుక అంత పెద్ద దేశంలో కథ వేరుగా నడిచింది. మొక్క ఒకటే, మన్ను వేరు.

ఎం-పెసా పేరు వినని ఆర్థికవేత్త ఉండడు. కెన్యాలోనే, అంతకంటే పాతికేళ్ల ముందే పుట్టి, లక్షల ఇళ్లలో చేరిన మరో వస్తువు పేరు మాత్రం వంటింటి బయట ఎవరికీ తెలియదు. అది జీకో, మన బొగ్గుల కుంపటికి పెద్దమ్మ కూతురు. పాత జీకో అంతా రేకే; వేడిలో సగం పక్కలకు పోయేది, బొగ్గు తగలబడిపోయేది, పిల్లల చేతులు కాలేవి. 1980ల ఆరంభంలో థాయిలాండ్ మట్టిపొయ్యిని చూసి స్ఫూర్తి పొందిన కొందరు కెన్యా ఇంజనీర్లు, స్వచ్ఛంద సంస్థలవారు, విదేశీ సాయంతో వచ్చినవారు కలిసి, నైరోబీలోని రేకు పనివారి దగ్గరికీ కుమ్మరుల దగ్గరికీ వెళ్లారు. మొదట చేసిన నమూనాలు బరువెక్కువ, ధర ఎక్కువ, మట్టి పగిలేది. చేసి, పగిలితే మార్చి, అమ్మి, కొన్నవారు తిట్టినదాన్ని బట్టి మళ్లీ మార్చి, చివరికి డమరుకంలా నడుము సన్నగా ఉండే రేకు గుల్లలో పై సగానికి మాత్రమే కాల్చిన మట్టి పొదిగిన రూపానికి వచ్చారు. బూడిద రాలే చిల్లులు ఆ మట్టిలోనే ఉంటాయి. మట్టికీ రేకుకూ మధ్య వర్మిక్యులైట్ అనే ఖనిజం కలిపిన సిమెంటు పెడతారు. అది వేడిని బయటికి పోనివ్వదు. బొగ్గు ఖర్చు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. జీతంలో పెద్ద భాగం బొగ్గుకే పోయే ఇంట్లో అదెంత మాటో, గ్యాసు బండ ధర పెరిగిన నెలలో మనకు తెలుస్తుంది.

కముకుంజీ బజారులో వీటిని చేసే చోటికి ఒక ఆదివారం వెళ్లాను. పాత నూనె డ్రమ్ములను విప్పి, చదును చేసి, కత్తిరించి, వంచుతున్న వందలాది సుత్తుల చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. ఈ పనివారికి అక్కడ ‘జువా కాలీ’ అని పేరు. ఆ మాటకు మండుటెండ అని అర్థం. నెత్తిన కప్పు లేకుండా ఎండలో కూర్చుని పని చేస్తారు కనుక వచ్చిన పేరు, ఇప్పుడు కెన్యాలో రిజిస్టరు కాని చిన్న వృత్తులన్నిటికీ స్థిరపడింది. జీకోకు పేటెంటు లేదు. ఎవరైనా చేయవచ్చు, అమ్మవచ్చు. అందువల్లనే అది ఉగాండా, రువాండా, ఇథియోపియా, సెనెగల్ దాకా ఆయా దేశాల పేర్లతో పాకింది. అందువల్లనే పలచని రేకుతో, పచ్చి మట్టితో చేసిన నాసిరకం సరుకు కూడా పాకింది. నేను బేరమాడి చౌకగా కొన్నది ఆరు నెలలకు బీటలువారింది. తప్పు నా బేరానిదే.

జీకో వెనుక పెట్టుబడిదారు లేడు, దాన్ని అమ్మి కోటీశ్వరుడైన వాడు లేడు, కనుక ఆఫ్రికా నవకల్పన మీద వచ్చే నివేదికల్లో అది ఉండదు. ఆ నివేదికలు కొలిచేది ఏ దేశపు స్టార్టప్‌లు ఎన్ని డాలర్లు సేకరించాయన్నది. ఆ డాలర్లలో సింహభాగం ఏటా నైజీరియా, కెన్యా, ఈజిప్టు, దక్షిణాఫ్రికా అనే నాలుగు దేశాలకే వెళుతుంది. యాభైకి పైగా దేశాలున్న ఖండం గురించి ఆ అంకెతో తీర్పు చెప్పడం, ఒక్క బెంగళూరును చూసి భారతదేశాన్ని వర్ణించడం లాంటిది. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టిన పేస్టాక్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థను 2020లో అమెరికా సంస్థ స్ట్రైప్ 20 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నది. అది నిజంగా గర్వపడదగిన విజయమే, కాని జువా కాలీ లెక్కను ఆ గజం బద్దతో కొలవలేం.

సోలారు దీపాల సంగతి కూడా ఇంతే. రోజుకు కొన్ని షిల్లింగులు ఎం-పెసాలో కట్టి ఇంటికి దీపం తెచ్చుకునే ఎం-కోపా పద్ధతి 2012లో బజారుకు వచ్చింది. కట్టకపోతే దీపం వెలగదు. ఆ గంతు ఎం-పెసా మెట్టు మీద నిలబడి వేసింది. అయినా ఆ తర్వాత పదేళ్లలో కెన్యాలో నాలుగిళ్లలో సుమారు మూడిళ్లకు విద్యుత్తు అందడానికి చాలావరకు కారణం, 2015లో మొదలైన చివరి మైలు పథకం వంటి ప్రభుత్వ పనులు, అంటే గంతువేసి దాటేశారన్న ఆ పాత స్తంభాలే. సోలారు పలకతో పిల్లలు చదువుకుంటారు, ఫోను చార్జి అవుతుంది. కముకుంజీలో వెల్డింగు యంత్రం తిరగదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. ఉద్యోగం దొరకనివాడు రోడ్డు పక్క పాత బట్టలు పరిచి కూర్చుంటే అతన్ని వ్యాపార సాహసి అని పిలవడం ఒక అలవాటుగా మారింది. కెన్యాలో ఉపాధిలో ఐదింట నాలుగు వంతులకు పైగా జువా కాలీ వంటి పనులే. ఆ మనుషుల నేర్పును నేను తక్కువ చేయను. నా వృత్తిలో నేర్చుకోని లెక్కలు వారి దగ్గర చూశాను. కాని గతిలేక ఎంచుకున్న బతుకుతెరువుకు గొప్ప పేరు పెట్టినప్పుడు, ఇతనికి ఉద్యోగం ఎందుకు లేదన్న ప్రశ్న పోయి, ఇతనికి అప్పు ఎందుకు లేదన్న ప్రశ్న వస్తుంది. 2012 నవంబరులో ఎం-పెసా మీద ఎం-ష్వారీ అనే పొదుపు, రుణ పథకం వచ్చింది. ముప్పై రోజుల అప్పుకు ఏడున్నర శాతం రుసుము. వడ్డీ అనకపోయినా ఏడాదికి లెక్క కడితే నూటికి తొంభై. నేను దేశం విడవడానికి రెండేళ్ల ముందే, 2010 అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి మనుషులు ప్రాణాలు తీసుకుంటుంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం ఇంటి ముందు కూర్చునే వసూలు మనిషిని మా ఊళ్లో చూసినవాణ్ణి, నైరోబీలో ఆ మనిషి ఫోనులోకి మారడం చూశాను. తర్వాత రుణ యాప్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి, బాకీదారు ఫోనులోని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీశాయి. 2020 చివరలో హైదరాబాదు పోలీసులు పట్టుకున్న యాప్‌ల తీరూ అదే. కెన్యా కేంద్ర బ్యాంకు వాటికి లైసెన్సు తప్పనిసరి చేసే సవరణ 2021 చివర గాని రాలేదు. ఎం-పెసా విషయంలో చూపిన మెలకువ అప్పుల విషయంలో దాదాపు పదేళ్లు నిద్రపోయింది.

దీనికి ఎదురు చెప్పేవారి దగ్గర బలమైన ఆధారమే ఉంది. 2016లో ఆర్థికవేత్తలు తవ్నీత్ సూరి, విలియం జాక్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఎం-పెసా వల్ల 1,94,000 కుటుంబాలు, అంటే దేశంలోని కుటుంబాల్లో రెండు శాతం, తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డాయి. సుమారు 1,85,000 మంది స్త్రీలు వ్యవసాయం నుంచి చిన్న వ్యాపారాలకు మారారు. ఆ లెక్కింపును ప్రశ్నించినవారూ ఉన్నారు, కాని నేను చూసినదానికి అది విరుద్ధంగా లేదు. కష్టం వచ్చినప్పుడు దూరాన ఉన్న తోబుట్టువు ఆ పూటే డబ్బు పంపగలగడం ఇంటిని నిలబెడుతుంది. అయితే ఆ అధ్యయనం చెబుతున్నది డబ్బు పంపడం గురించి. అప్పు ఇవ్వడం గురించి కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘ఆర్థిక చేరిక’ అని పిలిచి, మొదటిదానికి వచ్చిన మంచిపేరును రెండోదానికి పూస్తున్నారు. 2022 నవంబరులో అధ్యక్షుడు రూటో ప్రారంభించిన హస్లర్ ఫండ్ ఏడాదికి ఎనిమిది శాతానికి 500 షిల్లింగుల నుంచి అప్పు ఇస్తుంది. వడ్డీ న్యాయమైనదే. 500 షిల్లింగులతో ఏం వ్యాపారం పెట్టాలో మాత్రం నాకు తోచడం లేదు.

మా వీధి ఏజెంటును అందరూ ‘మామా’ అని పిలిచేవారు. స్వాహిలీలో అది అమ్మ అన్న గౌరవం. మనకేమో మామ వేరు, కనుక నాకు ఆ పిలుపు నోట రావడానికి ఆరు నెలలు పట్టింది. నేను తిరిగివచ్చే ఏడు ఆమె కమిషను తగ్గుతోంది. దుకాణాల్లో, మటాటూల్లో జనం నేరుగా ఫోను నుంచే చెల్లించడం పెరిగాక, డబ్బు వేయడానికీ తీయడానికీ కొట్టుకు వచ్చేవారు తగ్గారు. ఆమె పక్కన ఒక జీకో పెట్టి చపాతీలు కాల్చి అమ్మడం మొదలుపెట్టింది. చపాతీ అన్న మాట కూడా మన దగ్గర నుంచి వెళ్లిందే.

చివరిసారి నా ఖాతాలో మిగిలింది తీసుకోవడానికి వెళ్లినప్పుడు, సంతకం చేస్తుంటే గాలికి పుస్తకం తిరగబడింది. వెనకవైపు నుంచి మొదలైన పుటల్లో వేరే లెక్క ఉంది. పన్నెండు మంది స్త్రీల పేర్లు, ఎదురుగా నెలల గళ్లు, కట్టినవారికి అడ్డగీత. అదేమిటని అడిగాను. ‘చామా,’ అంది. నెలకింత వేసుకుని, ఒక్కో నెల ఒక్కొక్కరు ఎత్తుకునే మొత్తం. గుంటూరులో మా అమ్మ పాతికేళ్లు నడిపిన చీటీ. వడ్డీ ఎంత అని అడిగితే, వడ్డీ ఎందుకు, అందరం ఒకే వీధి వాళ్లం కదా అని చపాతీ తిరగేసింది. వచ్చే నెల ఎత్తుకునే వంతు ఆమెదే. రేకు మార్చి, కొట్టును ఒక అడుగు ముందుకు జరుపుతానంది.